మంచు కురవని సీమలో పాదాల చరిత్ర



చలికాలం రాగానే వైద్యుని ముందుకు వచ్చే ఫిర్యాదులు మీకు తెలిసినవే: జలుబు, దగ్గు, ఆయాసం, కీళ్ల నొప్పులు. పాదాల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తినా, సంభాషణ ముగిసి, మందుల చీటీ చేతికందిన తరువాత, గుమ్మం దగ్గర ఆగి, "కాళ్లు కాస్త పగిలినాయి సారూ" అని ఒక చిన్న మాటగా చెప్పి వెళ్లిపోతారు. ఆ చిన్న మాటకు చాలా పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే మడమ మీది పగులును మీరు తేలికగా తీసుకోరన్న నమ్మకంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

మన అనంతపురం పీఠభూమిలో మంచు కురవదు. చిత్రావతి ఒడ్డున ఉన్న గోరంట్లలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పొద్దెక్కితే ఎండ చురుక్కుమంటుంది. ఇంత మెత్తని చలి పాదాన్ని ఏం చేయగలదని మీరు అడగవచ్చు. చలి తీవ్రత కంటే గాలిలోని పొడితనం ఇక్కడ ప్రధానం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే ఈ నేలలో, ఈశాన్య రుతుపవనం వెనుదిరిగాక గాలిలో తేమ వేగంగా తగ్గిపోతుంది. పెదవులు, చేతులు, మడమలు ఆ మార్పును అందరికంటే ముందు గుర్తిస్తాయి.

అరికాలి చర్మానికి ఒక ప్రత్యేకత ఉంది. శరీరంలో చాలా భాగాల చర్మంలో నూనెను స్రవించే గ్రంథులు ఉంటాయి. అరచేతిలోనూ అరికాలిలోనూ అవి ఉండవు. చెమట గ్రంథులు మాత్రమే ఉంటాయి. మడమ చర్మపు పైపొర చాలా మందంగా ఉంటుంది. దానిని మెత్తగా ఉంచేది అందులోని నీరు మాత్రమే. గాలి ఆ నీటిని పీల్చుకుంటే ఆ పొర గట్టిపడుతుంది. నిలుచున్నప్పుడు, నడిచినప్పుడు దేహభారమంతా మడమ మీద పడి, లోపలి కొవ్వు మెత్త పక్కలకు ఒరుసుకుంటుంది. సాగలేని చర్మం అక్కడ చిట్లుతుంది. వాన వెనుదిరిగిన చెరువు అడుగున ఒండ్రుమట్టి పగిలే తీరును మీరు చూసే ఉంటారు. మడమ కూడా అదే న్యాయంతో పగులుతుంది.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహిత దీనిని 'పాదదారి' అనే పేరుతో చిన్న రోగాల వరుసలో చేర్చింది. ఎక్కువగా నడిచేవారి పాదాలు పొడిబారి, వాతప్రకోపం వలన పగులుతాయని అందులో చెప్పారు. వాతం అనే భావనను పక్కన పెట్టి చూసినా, అతిగా నడవడం, పొడిబారడం అనే రెండు కారణాలనూ ఆ వైద్యులు సరిగ్గానే పట్టుకున్నారు. చరక సంహిత దినచర్యలో పాదాలకు నూనె మర్దనను, పాదరక్షలు ధరించడాన్ని రెండింటినీ విధించింది. రెండు వేల ఏళ్లనాటి ఆ సలహాను నేటి చర్మవైద్యుడు కూడా కాదనలేడు.

సలహా ఉన్నా, దానిని పాటించే స్వేచ్ఛ అందరికీ ఉండేది కాదు. మన పల్లెల్లో తోలు పదునుపెట్టి కిర్రుచెప్పులు కుట్టినవారు మాదిగలు. బావి నుంచి నీరు తోడే తోలు బానలు కుట్టినదీ వారే. అందుకు ప్రతిఫలంగా కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. ఊరందరి పాదాలనూ ముల్లు నుంచి కాపాడిన ఆ చేతుల వారు, పెద్దకులాల వీధిలోకి వచ్చినప్పుడు తమ చెప్పులను తామే విప్పి చేతపట్టుకొని నడవవలసి వచ్చిన రోజులు తెలుగునాట చాలాకాలం సాగాయి. తుమ్మముల్లు, పల్లేరుకాయ, కాలే ఇసుక, చలికాలపు పగులు అన్నీ ఆ పాదాలకే ఎక్కువ. పాదాల అనారోగ్యం వెనుక వాతావరణంతోపాటు సమాజం కూడా ఉందని ఈ ఒక్క ఉదాహరణ చాలు చెప్పడానికి. గత శతాబ్దపు ఉత్తరార్ధంలో చవకైన రబ్బరు చెప్పులు పల్లెలకు చేరడం అందుకే చిన్న సంఘటన కాదు. అయితే వెనుక పట్టీ లేని ఆ చెప్పులు అరికాలిని కాపాడాయే గాని మడమను పొడిగాలికి వదిలివేశాయి.

ఇక ఆసక్తికరమైన విషయానికి వద్దాం. గడ్డకట్టని చలి కూడా పాదాన్ని నాశనం చేయగలదని ఆధునిక వైద్యం గట్టిగా నేర్చుకున్నది యుద్ధభూమిలో. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొన్ని వారాలకే లాహోరు, మీరట్ డివిజన్ల భారతీయ సైనికులు ఫ్రాన్స్ చేరారు. ఆ చలికాలమంతా ఫ్లాండర్స్ కందకాలలో, మోకాటిలోతు బురదలో, తడిసిన బూట్లతో రోజుల తరబడి నిలబడ్డారు. నీరు గడ్డకట్టనక్కరలేదు, సున్నాకు పైన పది, పదిహేను డిగ్రీల వరకూ తడిచలి నిలిచి ఉంటే రక్తనాళాలు ముడుచుకొని, నాడులు దెబ్బతిని, పాదం మొద్దుబారి, ఉబ్బి, నల్లబడుతుంది. సైన్యం దానికి 'కందకపు పాదం' అని పేరు పెట్టింది. యుద్ధం ముగిసేలోగా ఒక్క బ్రిటిష్ సైన్యంలోనే సుమారు 75,000 మంది దాని వాత పడ్డారని లెక్క.

దానికి విరుగుడుగా సైన్యం కొత్త మందేదీ కనిపెట్టలేదు. బూట్లు విప్పి పాదాలు ఆరబెట్టాలి, తిమింగలపు కొవ్వు నూనె రాయాలి, పొడి మేజోళ్లు మార్చాలి, అధికారి ప్రతిదినం ప్రతి సైనికుని పాదాలనూ కళ్లతో చూడాలి అని ఆజ్ఞలు వెలువడ్డాయి. కొన్ని దళాల్లో ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరి పాదాలకు మరొకరిని బాధ్యులను చేశారు. ఆ క్రమశిక్షణ పాటించిన చోట రోగుల సంఖ్య బాగా తగ్గింది. ఇక్కడ ఒక సూత్రం కనిపిస్తుంది: పాదాన్ని కాపాడిన మొదటి ఔషధం చూపు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకొని మళ్లీ మన సీమకు రండి.

రాయలసీమలో పాదంతో ముడిపడిన మరొక పాత బాధ నారికురుపు. మీ ఇంట్లో ఎనభై ఏళ్లు దాటినవారుంటే అడిగి చూడండి. ఆ పేరు వినగానే వారి ముఖం మారుతుంది. దిగుడుబావి మెట్లు దిగి, నీళ్లలో కాలు పెట్టి కడవ ముంచుకునే రోజులవి. నీటిలోని కంటికి కనబడని చిన్న పురుగుల కడుపులో ఈ క్రిమి పిల్లలు ఉండేవి. ఆ నీరు తాగిన సుమారు ఏడాదికి, మూరెడు దాటిన సన్నని దారం వంటి పురుగు ఎక్కువగా పాదం నుంచో పిక్క నుంచో బొబ్బ చేసుకొని బయటికి వచ్చేది. మంటకు ఓర్వలేక కాలు మళ్లీ బావినీటిలో పెట్టగానే వేల పిల్లలు నీటిలో కలిసేవి. దానికి టీకా లేదు, చంపే మందు లేదు. మన దేశం 1980ల తొలినాళ్లలో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరూరా తిరిగి కాళ్లు చూడడం, నీటిని గుడ్డతో వడగట్టించడం, దిగుడుబావులకు బదులు చేతిపంపులు వేయించడం, ఇవే దాని ఆయుధాలు. చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లో కనిపించాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ రోగం నుంచి విముక్తి పత్రం ఇచ్చింది. అక్కడ కూడా గెలిపించినవి చూపు, అలవాటు.

మూడవ పాఠం మనకు ఆగ్నేయంగా ఉన్న వేలూరు నుంచి వచ్చింది. నేను అన్నిటికంటే ముఖ్యమని భావించేది ఇదే. కుష్ఠురోగికి వేళ్లు ఊడిపోతాయని, పాదం కుళ్లిపోతుందని లోకం నమ్మేది. వైద్యులు కూడా నమ్మేవారు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. రోగుల చేతులను, పాదాలను ఏళ్ల తరబడి పరిశీలించి ఆయన తేల్చిన విషయం ఆనాటికి కొత్తది. రోగక్రిమి మాంసాన్ని తినడం లేదు. అది నాడులను దెబ్బతీసి నొప్పిని తీసివేస్తోంది. నొప్పి తెలియని మనిషి ముల్లు మీద నడుస్తాడు, వేడి గిన్నెను పట్టుకుంటాడు, పుండు పడిన పాదం మీదే పది మైళ్లు పోతాడు. పాదాన్ని పోగొట్టేవి ఇలా తెలియకుండా తగిలిన దెబ్బలు, ఒకే చోట మళ్లీమళ్లీ పడిన ఒత్తిడి.

కారణం తెలియగానే చికిత్స రూపం మారింది. పుండు పడిన కాలికి పిండికట్టు వేసి భారాన్ని పాదమంతటా పరిచే పద్ధతి అంతకు ముందే మన దేశంలోనూ సింహళంలోనూ కొందరు వైద్యులు వాడారు; వేలూరులో దానికి శాస్త్రీయమైన పునాది దొరికింది. గాలి గదులున్న మెత్తని రబ్బరును అట్టగా వేసి చెప్పులు చేయించారు. ఎం.సి.ఆర్. చెప్పులని మీరు విన్నవి అవే. ఒక జత చెప్పులు శస్త్రచికిత్స కంటే ఎక్కువ పాదాలను కాపాడగలవని తేలింది. అయితే చరిత్ర ఇక్కడ కూడా ఒక ముల్లు దాచింది. ఆ చెప్పులు వేసుకున్నవాడు కుష్ఠురోగి అని ఊరు గుర్తుపట్టసాగింది. ఆ ముద్రకు భయపడి, చెప్పులను ఇంట్లో దాచి, వట్టి కాళ్లతో నడిచి పాదాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఒకప్పుడు చెప్పులు విప్పమన్నది కులం. తరువాత విప్పించినది సిగ్గు.

బ్రాండ్ 1966లో అమెరికాలోని లూయిజియానా రాష్ట్రంలో ఉన్న కార్విల్ కుష్ఠురోగ ఆసుపత్రికి వెళ్లాడు. మధుమేహం ఉన్నవారి పాదాలలో తాను వేలూరులో చూసిన పుండ్లే ఉన్నాయని, కారణం కూడా స్పర్శ పోవడమేనని వైద్యలోకానికి చూపినవారిలో ఆయన ముఖ్యుడు. వేలూరు పద్ధతులు, ఆ పిండికట్టు, ఆ మెత్తని చెప్పులు, అలా మధుమేహ చికిత్సలోకి ప్రవేశించాయి. నేడు మీ అరికాలిని సన్నని నైలాన్ పోగుతో తాకి "తెలుస్తోందా?" అని అడిగే పరీక్ష కూడా కుష్ఠురోగ చికిత్సాలయాల్లో ఆరితేరినదే. నిరుపేద రోగుల పాదాలు నేర్పిన పాఠం తిరిగి మన మధ్యతరగతి ఇళ్లకు చేరింది.

చేరవలసిన అవసరం కూడా వచ్చింది. 2023లో ప్రకటించిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారు. ఇది ఇక పట్నపు జబ్బు కాదు. వేరుశనగ పీకే రైతుకు ఉంది, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసే మహిళకు ఉంది, ధర్మవరంలో మగ్గపు గుంతలో కాళ్లు పెట్టుకొని పగలంతా కూర్చునే నేతగానికి ఉంది, కరువుకు ఊరు విడిచి బెంగుళూరులో తడి సిమెంటు తొక్కే కూలీకి ఉంది. ఏళ్ల తరబడి అదుపులో లేని చక్కెర నాడులను మెల్లగా మొద్దుబారుస్తుంది. చెమట పుట్టించే నాడులు కూడా దెబ్బతింటాయి గనుక పాదం మరింత ఎండుతుంది. అంటే చలికాలంలో పగిలే అవకాశం ఎవరికి ఎక్కువో, ఆ పగులు నొప్పి ఎవరికి తెలియదో, వారిద్దరూ ఒకరే. ఆరోగ్యవంతుని మడమలో పగులు నొప్పి పుట్టించి తన సంగతి చూడమని అడుగుతుంది. మధుమేహ రోగిలో అది అడగదు. క్రిములు లోపలికి వెళ్తాయి, చీము పడుతుంది, ఎముకకు చేరుతుంది. వేలు తీయవలసి రావడం, తరువాత పాదం, ఆ తరువాత మోకాలి కింద వరకు తీయవలసి రావడం మా వృత్తిలో పదేపదే చూసిన దుఃఖం. మొదటి మెట్టు మాత్రం తరచుగా ఒక చిన్న పగులో, ఒక బొబ్బో అయి ఉంటుంది.

మన సీమ చలికాలంలో ప్రత్యేకమైన ప్రమాదాలు రెండు ఉన్నాయి. మొదటిది చలిమంట. తెల్లవారుజామున కంపకట్టెల మంట చుట్టూ చేరి అరికాళ్లు కాచుకోవడం మనకు పరమానందం. స్పర్శ తగ్గిన పాదానికి ఆ మంట ఎంత దగ్గరగా ఉందో తెలియదు. లేచి చూసుకునేసరికి బొబ్బలు. వేడినీటి తొట్టి, వేడినీటి సంచి కూడా అంతే. రెండవది దీక్షలు. కార్తికం నుంచి సంక్రాంతి వరకు అయ్యప్ప మాల ధరించి నలభై ఒక్క రోజులు వట్టి కాళ్లతో నడిచే భక్తులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. భక్తిని నేను తప్పు పట్టను. కాని మధుమేహం ఉండి, పాదాల్లో తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నవారికి ఆ నడక ప్రమాదకరం. మాల వేసుకునే ముందే వైద్యునికి పాదాలు చూపించండి. గురుస్వామికి మీ స్థితి దాచకుండా చెప్పి పాదరక్షలకు అనుమతి అడగండి.

ఇప్పుడు చరిత్ర నేర్పిన 'చూపు'ను మీ ఇంటి అలవాటుగా మార్చుకొనే విధం చెబుతాను.

రాత్రి భోజనం తరువాత ఒక ఐదు నిమిషాలు పాదాలకు కేటాయించండి. గోరువెచ్చని నీటితో కడగండి. నీటి వేడిని పాదంతో కాక మోచేతితో పరీక్షించండి. గంటల తరబడి నానబెట్టవద్దు, దానివలన చర్మం మరింత ఎండుతుంది. మెత్తని గుడ్డతో అద్ది, వేళ్ల సందులను ప్రత్యేకంగా ఆరబెట్టండి. చర్మంలో కాస్త తేమ ఉండగానే మడమకు, అరికాలికి కొబ్బరినూనె గాని, పెట్రోలియం జెల్లీ గాని, వైద్యుడు సూచించిన యూరియా కలిసిన లేపనం గాని రాయండి. వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి. అక్కడ తేమ నిలిస్తే బూజు పుండ్లు వస్తాయి. పైన నూలు మేజోళ్లు వేసుకొని పడుకోండి.

నూనె రాసే ముందే అరికాలిని వెలుతురులో చూడండి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకొని చూడవచ్చు, లేదా ఇంట్లో ఒకరిని చూడమనవచ్చు. కందకాల్లో సైనికులు ఒకరి పాదాలకు ఒకరు పూచీ పడ్డట్టు, భార్యాభర్తలు పూచీ పడటంలో తప్పేముంది? మన స్త్రీలు పాదాలకు పసుపు రాసుకునేటప్పుడు, గోరింటాకు పెట్టుకునేటప్పుడు పాదాన్ని చేతిలోకి తీసుకొని చూసుకుంటారు. మగవారికి ఆ వేళ ఒక్కటీ లేదు. చేతి వెనుక భాగంతో రెండు పాదాలనూ తాకి పోల్చండి. ఒకటి రెండవదాని కంటే స్పష్టంగా వేడిగా ఉంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం.

పగులును బ్లేడుతో చెక్కడం, సూదితో కెలకడం, నల్లజీడి రసం పెట్టడం, కాలే మైనం పోయడం మానండి. చెప్పులు వేసుకునే ముందు చేయి పెట్టి తడిమి చూడండి; ముల్లో, రాయో, మేకు మొనో ఉండవచ్చు. ఈ రెండు మూడు నెలలైనా మడమను చుట్టి పట్టుకునే చెప్పులు వాడండి. బీడీ, సిగరెట్ తాగేవారి పాదాలకు రక్తం చేరడమే తక్కువ. చలి దానిని ఇంకా తగ్గిస్తుంది. మానడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. మట్టిలో పనిచేసేవారు ధనుర్వాతం టీకా గడువు దాటిందేమో చూసుకోండి. పగులు నుంచి రక్తం, చీము, దుర్వాసన, ఎరుపు, వాపు, నలుపు ఏది కనిపించినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లండి. "నొప్పి లేదు కదా" అని ఆగకండి. వేలూరు పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది: నొప్పి లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు.

పాదాలకు మొక్కే సంప్రదాయం మనది. లేపాక్షిలో రాతి మీది సీతమ్మ పాదాన్ని చూడటానికి దూరాల నుంచి వస్తారు. పెద్దల పాదాలు తాకనిదే పెళ్లి జరగదు. కాని వైద్యుడు "కాళ్లు చూపించండి" అంటే అదేదో తప్పుచేసినట్టు చాప కిందికి, చీర కుచ్చెళ్ల కిందికి దాచుకుంటాం. మీరు ఈసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, అడగకముందే చెప్పులు విప్పి పాదాలు ముందుకు చాచండి. ఆయన చూడకపోతే చూడమని అడగండి. ఈ రాత్రికి మాత్రం మీ ఇంట్లో అందరికంటే వయసులో పెద్దవారి అరికాళ్లను మీరే దీపం దగ్గర ఒకసారి చూడండి.